జబ్బు బయటపడకముందే అందాల్సిన వైద్యం

వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బులకు మూలకణ చికిత్స పనిచేస్తుందా అని అడిగే తల్లిదండ్రులకు అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేం. కొన్ని జబ్బుల్లో, లక్షణాలు మొదలుకాకముందే చేస్తే, బాగా పనిచేస్తుంది. అదే జబ్బు ముదిరాక చేస్తే బిడ్డకు మిగిలేది బాధే. ఇంకా చాలా జబ్బుల్లో అది పరిశోధన దశ దాటి రాలేదు. ఈ మూడింటినీ స్టెమ్ సెల్ థెరపీ అన్న ఒకే పేరుతో పిలవడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. ఆశ లేనిచోట ఆశ అమ్ముడుపోతోంది. ఆశ ఉన్నచోట బిడ్డ సమయానికి ఆసుపత్రికి చేరడం లేదు. మొదటి నష్టం గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ చదువుతాం. రెండోదాని ఊసే మనకు పెద్దగా వినపడదు.

మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ సంగతి చూడండి. ఆరిల్‌సల్ఫటేజ్ ఎ అనే ఎంజైమ్ తయారుకాక సల్ఫటైడ్లు అనే కొవ్వు పదార్థాలు నాడుల చుట్టూ పేరుకుంటాయి. నాడీతంతువుల మీద ఉండే మైలిన్ తొడుగు కరిగిపోతుంది. దీని తొలి బాల్య రూపంలో బిడ్డ మామూలుగానే పుడుతుంది, బోర్లాపడుతుంది, కూర్చుంటుంది, చాలాసార్లు నడుస్తుంది కూడా. ఏడాదికీ రెండేళ్లకూ మధ్య అడుగులు తడబడడం మొదలవుతుంది. నడక పోతుంది, తర్వాత మాట పోతుంది, మింగడం కష్టమవుతుంది. పిల్ల బద్ధకిస్తోందనీ, కాళ్లలో బలం తక్కువనీ, క్యాల్షియం వేస్తే సరిపోతుందనీ ఇంట్లోవాళ్లు అనుకునే ఆ కొద్ది నెలల్లోనే మెదడులోని తెల్లపదార్థం చాలామేర పోతుంది.

ఈ జబ్బుకు మిలాన్‌లోని సాన్ రఫాయెలె టెలెథాన్ సంస్థ పరిశోధకులు ఒక దారి కనిపెట్టారు. బిడ్డ రక్త మూలకణాలనే బయటికి తీసి, నిర్వీర్యం చేసిన లెంటివైరస్ సాయంతో వాటిలోకి సరైన జన్యువును ఎక్కించి, మళ్లీ బిడ్డకే ఇస్తారు. తొలి ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి. యూరప్ 2020 డిసెంబర్‌లో, అమెరికా 2024 మార్చిలో దీన్ని ఆమోదించాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలించిన లెక్కలు నేను పదే పదే చదివాను. లక్షణాలు మొదలుకాకముందే చికిత్స పొందిన తొలి బాల్య రూపం పిల్లలు ఆరేళ్ల వయసుకు అందరూ బతికే ఉన్నారు. చికిత్స లేని పిల్లల్లో ఆ వయసుకు మిగిలింది 58 శాతం. అయిదేళ్ల వయసులో 71 శాతం మంది ఎవరి సాయమూ లేకుండా నడుస్తున్నారు. 85 శాతం మందికి మాట, తెలివితేటలు మామూలుగా ఉన్నాయి. మరణమో మంచమో తప్పదనుకున్న జబ్బులో ఇవి చిన్న అంకెలు కావు.

అయితే ఈ చికిత్సకు అర్హులెవరన్నది చూస్తే గుండె బరువెక్కుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థలో దీన్ని మొదటగా అందుకున్న పాపకు జబ్బు ఉందని తెలిసింది ఆమె అక్కకు అదే జబ్బు బయటపడడం వల్ల. అక్క విషయంలో అప్పటికే ఆలస్యమైపోయింది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే జన్యులోపం, ఒకరికి వైద్యం అందింది, ఇంకొకరికి అందలేదు. ఈ కుటుంబానిది అరుదైన దురదృష్టమేమీ కాదు. ఈ జబ్బుల్లో జరిగే తీరే ఇది. పెద్దబిడ్డ జబ్బే చిన్నబిడ్డకు పరీక్ష అవుతోంది.

రక్తంలో పుట్టే కణం మెదడును ఎలా కాపాడుతుందన్న సందేహం ఎవరికైనా వస్తుంది. దీని మూలం 1968 నాటి ఒక ప్రయోగంలో ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన ఎలిజబెత్ న్యూఫెల్డ్, ఆమె సహచరులు వేర్వేరు ఎంజైమ్‌ల లోపంతో వచ్చే రెండు వంశపారంపర్య జబ్బులను తీసుకుని, హర్లర్ జబ్బున్నవారి చర్మకణాలనూ హంటర్ జబ్బున్నవారి చర్మకణాలనూ ఒకే పాత్రలో కలిపి పెంచారు. విడివిడిగా ఉన్నప్పుడు రెండు రకాల కణాల్లోనూ చెత్త పేరుకునేది. కలిపి పెంచితే రెండూ బాగుపడ్డాయి. ఒక కణం బయటికి వదిలిన ఎంజైమ్‌ను పక్క కణం లోపలికి తీసుకుని వాడుకోగలదని అలా తేలింది. అంటే ప్రతి నాడీకణంలోనూ జన్యువును సరిచేయనక్కర్లేదు. వాటి పక్కన ఎంజైమ్ తయారుచేసే ఆరోగ్యకరమైన కణాలు కొన్ని ఉంటే చాలు. మూలుగ మార్పిడి చేసినప్పుడు దాత కణాల సంతతిలో కొన్ని రక్తంతోపాటు మెదడు చేరి, అక్కడి మైక్రోగ్లియా కణాల్లాగా స్థిరపడతాయి. ఈ ఆలోచనతోనే 1980లో లండన్‌లో హర్లర్ జబ్బున్న బిడ్డకు మూలుగ మార్పిడి చేశారు. ఈ రంగంలో నిలిచిన విజయాలన్నీ దాదాపు ఆ ఒక్క సూత్రం మీద నిలిచినవే.

చిక్కంతా సమయంతోనే. దాత కణాలు మెదడు చేరి కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే మరో జబ్బులో మార్పిడి చేశాక కూడా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా జబ్బు ముందుకే సాగి ఆ తర్వాత ఆగుతుంది. ఆగిన చోటు నుంచి వెనక్కి రాదు. పోయిన చూపు, పోయిన మాట తిరిగి రావు.

లోరెంజోస్ ఆయిల్ సినిమా చూసినవాళ్లకు అడ్రినోల్యూకోడిస్ట్రఫీ పేరు గుర్తుండొచ్చు. ఎక్స్ క్రోమోజోమ్ మీది ఏబీసీడీ1 జన్యువు లోపంతో వస్తుంది. అంటే చాలావరకు తల్లి ద్వారా కొడుక్కి. ఈ లోపంతో పుట్టిన మగపిల్లల్లో మూడో వంతుకు పైగా బాల్యంలోనే, సాధారణంగా నాలుగేళ్లకూ పదేళ్లకూ మధ్య, మెదడు దెబ్బతింటుంది. చురుగ్గా చదివే పిల్లవాడు ఉన్నట్టుండి క్లాసులో వెనకబడతాడు. పిలిస్తే పలకడు, చేతిరాత చెడుతుంది. టీచర్లు అల్లరి అంటారు, డాక్టర్లు ఏకాగ్రత లోపం అంటారు. ఎమ్మారై తీసేసరికి మెదడు వెనక భాగంలో తెల్లటి మచ్చలు రెండువైపులా పరుచుకుని ఉంటాయి. ఆ మచ్చలకు లోస్ స్కోర్ అని 0 నుంచి 34 దాకా లెక్క కడతారు. స్కోర్ తొమ్మిది లోపుండి, నరాల లక్షణాలు ఇంకా మొదలుకాని పిల్లల్లోనే మార్పిడి ఫలితం బాగుంటుంది. అందుకే ఈ జన్యులోపం ఉందని ముందే తెలిసిన అబ్బాయిలకు చిన్నప్పటినుంచీ కొన్ని నెలలకోసారి ఎమ్మారై తీసి కాపు కాస్తారు. పిల్లవాడు బంతాట ఆడుతూ ఉండగానే మచ్చ మొదలైందని తెలియాలి. అలా తెలిసినవాడే బాగుపడతాడు.

ఈ జబ్బుకు మూలుగ మార్పిడి పనిచేస్తుందని 1990లో ఫ్రెంచి వైద్యుడు పాట్రిక్ ఓబూర్గ్ బృందం చూపింది. 2009లో అదే బృందం, సరిపడే దాత దొరకని ఇద్దరు అబ్బాయిలకు వాళ్ల సొంత మూలకణాలనే సరిదిద్ది ఇచ్చింది. ఆ దారిలో వచ్చిన మందును అమెరికా 2022లో ఆమోదించింది. 2017లో వెలువడిన తొలి ఫలితాల్లో 17 మంది అబ్బాయిల్లో 15 మంది రెండేళ్ల తర్వాత పెద్ద వైకల్యం లేకుండా ఉన్నారు. ఎంతో సంతోషించాం. తర్వాత చేదు వార్త వచ్చింది. చికిత్స పొందిన 67 మందిలో ఏడుగురికి రక్త క్యాన్సర్లు వచ్చాయని 2024లో ప్రచురించారు. జన్యువును మోసుకెళ్లిన వైరస్, కణంలోని వేరే జన్యువుల పక్కన చేరి వాటిని రెచ్చగొట్టడమే కారణం. ఇప్పుడు సరిపోలే దాత దొరకని పిల్లలకే ఆ మందును పరిమితం చేశారు. దీన్ని చూసి జన్యుచికిత్స మొత్తాన్ని తోసిపుచ్చడం తొందరపాటని నా అభిప్రాయం. మిలాన్ పద్ధతిలో జన్యువును పనిచేయించడానికి వైరస్‌లో వాడిన మీట వేరు, అంత దూకుడైనది కాదు. అయినా ఈ పిల్లలను పదేళ్లు, పదిహేనేళ్లు కనిపెట్టుకుని ఉండాల్సిందే.

మైలిన్‌ను దెబ్బతీసే మరో జబ్బు క్రాబే కథ ఇంకా కఠినం. 2005లో డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు లక్షణాలు రాని పసికందులకు బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలు ఎక్కించి ప్రాణం నిలిపారు. ఆ స్ఫూర్తితో న్యూయార్క్ రాష్ట్రం 2006లో పుట్టిన ప్రతి బిడ్డకూ క్రాబే పరీక్ష మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లలో దాదాపు 20 లక్షల మంది శిశువులను పరీక్షిస్తే శైశవ రూపం అయిదుగురిలో బయటపడింది. నలుగురికి మార్పిడి చేశారు. వాళ్లలో ఇద్దరు మార్పిడి వల్ల వచ్చిన సమస్యలతోనే చనిపోయారు, మిగిలిన ఇద్దరికీ ఎదుగుదల బాగా కుంటుపడింది. మార్పిడికి ముందు ఇచ్చే కీమోథెరపీ, ఇన్ఫెక్షన్లు, దాత కణాలు బిడ్డ శరీరం మీద దాడి చేయడం, ఇవన్నీ నెలల బిడ్డ తట్టుకోవాలి. పైగా మెదడును కొంత కాపాడినా కాళ్లలోకి చేతుల్లోకి వెళ్లే నాడులను ఈ చికిత్స అంతగా కాపాడలేదు. పుట్టగానే పరీక్ష చేసినంత మాత్రాన సరిపోదనీ, పుట్టిన 30 రోజుల్లోపు మార్పిడి చేయగల ఏర్పాటు కూడా ఉండాలనీ తర్వాతి అనుభవం నేర్పింది.

ఇంతవరకూ చెప్పినదంతా రక్త మూలకణాల సంగతి. మామూలు మనిషి మనసులో ఉండే బొమ్మ వేరు. చచ్చిపోయిన నాడీకణాల స్థానంలో కొత్తవి నాటడం అనుకుంటాడు. అది కూడా చేసి చూశారు. 2006లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బాటెన్ జబ్బున్న ఆరుగురు పిల్లల మెదడులోకి పిండం మెదడు నుంచి సేకరించి పెంచిన నాడీ మూలకణాలను నేరుగా ఎక్కించారు. ప్రాణాపాయం లేకుండా చేయవచ్చని తేలింది. చనిపోయిన పిల్లల మెదడులో దాత కణాలు బతికే ఉన్నట్టు కనిపించింది. కానీ ఆ పిల్లలు అప్పటికే బాగా ముదిరిన దశలో ఉన్నవాళ్లు. తొలిదశ పిల్లలతో రెండో పరీక్ష మొదలుపెడదామంటే తగిన పిల్లలు దొరకక దాన్ని ఆపేశారు. జబ్బు ఆ దశలో ఉండగా ఎవరూ గుర్తించడం లేదు మరి. ఒక కంపెనీ తయారుచేసిన ఆ కణాలనే, మైలిన్ సరిగా ఏర్పడని పెలిజేయస్ మెర్జ్‌బాకర్ జబ్బున్న నలుగురు అబ్బాయిలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇచ్చారు. స్కానింగ్‌లో కొత్త మైలిన్ ఏర్పడుతున్న సూచనలు కనిపించాయి. 2016లో ఆ కంపెనీ మూతపడింది.

హంటింగ్టన్ జబ్బు మరో పాఠం చెప్పింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. 2000లో పారిస్ పక్కనున్న క్రెతేయ్‌లో అయిదుగురు రోగుల మెదడులో పిండ నాడీకణజాలం నాటితే ముగ్గురికి కదలికలూ ఆలోచనాశక్తీ కొంత మెరుగుపడ్డాయి. ఆ మెరుగు నాలుగు నుంచి ఆరేళ్లకు తగ్గిపోయింది. అమెరికాలో ఇలాగే మార్పిడి చేయించుకుని ఏళ్ల తర్వాత చనిపోయిన రోగుల మెదళ్లను పరిశీలిస్తే నాటిన కణజాలం క్షీణించి ఉంది. అంతకంటే ఆశ్చర్యం, జన్యులోపం లేని ఆ దాత కణజాలంలోకి కూడా రోగి మెదడులోని వికృత హంటింగ్టిన్ ప్రొటీన్ పాకింది. చౌడు నేలలో ఎంత మంచి నారు నాటినా అంతే. ముందు నేల బాగుపడాలి. 2025లో హంటింగ్టన్‌లో జబ్బు వేగం తగ్గినట్టు చూపిన తొలి ఫలితాలు మూలకణాలతో వచ్చినవి కావు, వికృత ప్రొటీన్ తయారీని తగ్గించే జన్యుచికిత్సతో వచ్చినవి. పార్కిన్సన్స్‌లో కణమార్పిడి ఇప్పుడిప్పుడే మంచి ఫలితాలిస్తోంది నిజమే. అక్కడ లోటు ప్రధానంగా డోపమైన్ అనే ఒక్క రసాయనానిది, నాటాల్సిన చోటూ చిన్నది. ఎక్కువమందిలో అది వంశపారంపర్యం కూడా కాదు.

తొందరపాటు ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి ఒక ఇజ్రాయెల్ బాలుడి కథ ఉంది. 2009లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. ఆ అబ్బాయికి అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే వంశపారంపర్య జబ్బు. తల్లిదండ్రులు మాస్కో తీసుకెళ్లి 2001, 2002, 2004లో మూడుసార్లు పిండ నాడీ మూలకణాల ఇంజెక్షన్లు మెదడులోకీ వెన్నుద్రవంలోకీ చేయించారు. 13 ఏళ్లకు తలనొప్పి మొదలైంది. స్కానింగ్‌లో మెదడులోనూ వెన్నుపాము దగ్గరా కణుతులు కనిపించాయి. వెన్ను దగ్గరి కణితిని తీసి పరీక్షించిన షెబా వైద్య కేంద్రం డాక్టర్లకు అందులో ఆడవాళ్లకుండే ఎక్స్ఎక్స్ క్రోమోజోముల కణాలు దొరికాయి. అబ్బాయిలో లోపించిన ఏటీఎం జన్యువు ఆ కణాల్లో మామూలుగా ఉంది. కనీసం ఇద్దరు దాతల ఆనవాళ్లు ఉన్నాయి. అంటే ఆ కణితి అబ్బాయి శరీరంలో పుట్టింది కాదు. వైద్యం పేరుతో పెట్టింది.

మన నగరాల్లో కూడా వెన్నులోకి మూలకణాల ఇంజెక్షన్లు ఇస్తామనే ప్రకటనలకు కొదవ లేదు. చాలాచోట్ల జరిగేదేమంటే నడుం ఎముక నుంచి మూలుగ తీసి, దాన్ని వడకట్టి, అదే రోగికి నడుం కింద వెన్నులోకి ఎక్కించడం. సొంత కణమే కాబట్టి శరీరం తిరస్కరించదని భరోసా ఇస్తారు. వంశపారంపర్య జబ్బున్న మనిషి సొంత కణంలో అదే జన్యులోపం ఉంటుంది కదా! సరిదిద్దకుండా దాన్ని ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెడితే లోపించిన ఎంజైమ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న డాక్టర్‌ను నిలదీసి అడగమని ప్రతి కుటుంబానికీ చెప్పాలనిపిస్తుంది. రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప మిగతా మూలకణ వాడకమంతా ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో పాల్గొనేవాళ్ల దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోరు. లక్షలు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదని అర్థం చేసుకోవాలి. పొలం అమ్మి, నగలు తాకట్టు పెట్టి కట్టిన ఆ డబ్బు పోతే ఆ బిడ్డకు ఫిజియోథెరపీకీ, ముక్కు గొట్టంతో ఇచ్చే ఆహారానికీ కూడా ఇబ్బందే.

పెద్దవాళ్లలో వచ్చే జబ్బుల్లోనూ ఒక కొత్త తలుపు తెరుచుకుంది. సీఎస్ఎఫ్1ఆర్ జన్యులోపంతో నడివయసులో వచ్చే ల్యూకోఎన్సెఫలోపతీలో చెడిపోయేది మైక్రోగ్లియానే. ఎనిమిది మంది రోగులకు మూలుగ మార్పిడి చేసి మైక్రోగ్లియాను మార్చితే రెండేళ్లపాటు జబ్బు ముందుకు సాగలేదని చైనా పరిశోధకులు 2025లో సైన్స్‌లో ప్రకటించారు. చిన్న అధ్యయనమే. కానీ రక్తం నుంచి మెదడుకు వెళ్లే ఆ దారి పిల్లల జబ్బులతోనే ఆగిపోదని తెలిపింది.

ఇక మన సంగతి. మిలాన్ చికిత్సకు అమెరికాలో పెట్టిన ధర 42 లక్షల 50 వేల డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 35 కోట్ల రూపాయలు. అది మనకు ఇప్పట్లో అందేలా లేదు. అందుబాటులో ఉన్నది మామూలు మూలుగ మార్పిడి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో దీన్ని మొదటి వర్గంలోనే పెట్టింది. తీవ్రమైన హర్లర్ జబ్బుకు రెండేళ్ల వయసులోపు, అడ్రినోల్యూకోడిస్ట్రఫీకి నరాల లక్షణాలు గట్టిగా బయటపడకముందు అని షరతులు కూడా రాసింది. గుర్తింపు పొందిన కేంద్రాల్లో ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం ఉంటుంది. వాటిలో హైదరాబాద్‌లోని నిమ్స్, డీఎన్ఏ వేలిముద్రల పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీతో కలిసి ఉంది. షరతు సరైనదే. సమస్య ఏమిటంటే, పుట్టిన బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి ఈ జబ్బులు పసిగట్టే జాతీయ కార్యక్రమం మనకు లేదు. రెండేళ్లలోపు రావాలని కాగితం చెబుతుంది, బిడ్డ మూడేళ్లకు వస్తుంది.

మేనరికాలు ఎక్కువగా ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఇది మరీ ముఖ్యం. మెటాక్రోమాటిక్, క్రాబే, బాటెన్, హర్లర్ జబ్బులన్నీ తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతేనే వచ్చేవి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. పెద్దబిడ్డకు జబ్బని తేలిన రోజున డాక్టర్ దృష్టి అంతా ఆ బిడ్డ మీదే ఉంటుంది, తల్లి ఒళ్లో ఉన్న చిన్నవాడిని ఎవరూ చూడరు. అదే రోజు వాడి రక్తమూ తీయాలి. మళ్లీ గర్భం వస్తే మూడు నెలలలోపే పరీక్ష సాధ్యమన్న సంగతి ఆ తల్లికి చెప్పాలి.

అడ్రినోల్యూకోడిస్ట్రఫీలో వల ఇంకా దూరం వేయాలి. లోపం తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి పిన్ని కొడుకులు, పెద్దమ్మ కొడుకులు, వాళ్ల కూతుళ్ల మగపిల్లలు, అందరినీ పిలిపించాలి. మేనమామ గురించి తప్పక అడగాలి. ముప్ఫై ఏళ్లకే కాళ్లు బిగుసుకుపోయి కర్ర పట్టుకున్న మేనమామ ఉంటే, ఆయనది పక్షవాతం అనుకుని ఇన్నాళ్లూ వదిలేసి ఉండొచ్చు. ఇలా ఒక్క రోగి దగ్గర నుంచి బంధువర్గంలోకి వెళ్లి వెతికితే ఇంకా లక్షణాలు లేని అబ్బాయిలు దొరుకుతారు. వాళ్లలో ఎమ్మారైలో మచ్చ మొదలైనవాళ్లకు చౌకైన సాధారణ మార్పిడి సరిపోతుంది. అడ్డం పడేది ఎక్కువగా సిగ్గు, భయం. జబ్బు సంగతి బయటికి పొక్కితే ఆడపిల్లకు సంబంధాలు రావని ఇంట్లో పెద్దవాళ్లు చెల్లెలి కుటుంబానికి కూడా చెప్పరు. ఆ చెల్లెలి కొడుకు రెండో తరగతిలో ఉంటాడు, చేతిరాత ఇంకా బాగానే ఉంటుంది. వాడి ఎమ్మారై తీయాల్సిన సమయం అదే.